ఆల్బుమిన్ అంకె చెప్పే సంగతి: సిరోసిస్ వ్యాధిలో కాలేయ పరీక్షలు

(జూలై 28, ప్రపంచ హెపటైటిస్ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

ఆరోగ్య శిబిరాలలోను, ఉద్యోగుల వార్షిక వైద్య పరీక్షలలోను ఎల్.ఎఫ్.టి. అనే పరీక్ష ఇప్పుడు సర్వసాధారణమైనది. కాలేయ పనితీరు పరీక్ష అని దీనికి పేరు. నివేదిక చేతికి రాగానే ఎక్కువమంది ముందుగా చూసేది ఎస్.జి.పి.టి. అంకెను. అది హద్దులో ఉంటే కాలేయం బాగున్నదని, హద్దు దాటితే చెడిపోయినదని నిర్ధారణకు వస్తారు. ఈ రెండు నిర్ధారణలూ తప్పు కావడానికి అవకాశం కలదు. ముఖ్యంగా సిరోసిస్ వ్యాధిలో ఎస్.జి.పి.టి. సాధారణ స్థాయిలోనే ఉండి, కాలేయం మాత్రం తన పనులను ఒక్కొక్కటిగా వదులుకుంటూ ఉండవచ్చు. పొట్టలో నీరు చేరిన తరువాతనో, రక్తపు వాంతి అయిన తరువాతనో ఆసుపత్రికి వచ్చే రోగుల పాత నివేదికలు తిరగవేస్తే, అందులో వ్యాధి సూచన ముందే ఉండి, ఎవరూ గమనించని సందర్భాలు వైద్యులకు కొత్త కావు. ఆ సూచన చాలాసార్లు ఆల్బుమిన్ వరుసలో ఉంటుంది.

రోజుకు పది గ్రాముల పైబడి

వయోజనులలో కాలేయం బరువు సుమారు ఒకటిన్నర కిలోలు. పేగుల నుండి ఆహారసారాన్ని మోసుకువచ్చే రక్తం ముందుగా చేరేది ఇక్కడికే. ఆ సారంలోని అమైనో ఆమ్లాలను ముడిసరుకుగా తీసుకొని కాలేయ కణాలు రక్తానికి కావలసిన మాంసకృత్తులను తయారు చేస్తాయి. వ్యాధి నిరోధక ప్రతిదేహాలను మినహాయిస్తే, రక్తద్రవంలో తిరిగే మాంసకృత్తులలో అత్యధిక భాగం కాలేయం నుండి వచ్చినవే. వీటిలో పరిమాణంలో మొదటిది ఆల్బుమిన్. ఆరోగ్యవంతుని కాలేయం రోజుకు 10 నుండి 15 గ్రాముల ఆల్బుమిన్‌ను తయారు చేసి రక్తంలోకి విడుదల చేస్తుంది. దీనిని శరీరంలో మరే ఇతర అవయవమూ చెప్పుకోదగిన పరిమాణంలో తయారు చేయదు.

రక్తంలోని నీటిని రక్తనాళాలలోనే నిలిపి ఉంచడం ఆల్బుమిన్ ప్రధాన బాధ్యత. అది తగ్గినప్పుడు నీరు బయటకు జారి కాళ్లలో వాపుగాను, పొట్టలో జలోదరంగాను చేరుతుంది. సిరోసిస్‌లో జలోదరానికి ఇదొక్కటే కారణం కాదు. కాలేయానికి వచ్చే సిరలో ఒత్తిడి పెరగడం, మూత్రపిండాలు ఉప్పును, నీటిని బయటకు పంపకుండా పట్టి ఉంచడం అంతకంటె పెద్ద కారణాలు. నీటిని ఆపడంతో పాటు బిలిరుబిన్, కాల్షియం, కొవ్వు ఆమ్లాలు, అనేక మందులు కూడా ఆల్బుమిన్‌ను పట్టుకొనే రక్తంలో ప్రయాణిస్తాయి. ఆల్బుమిన్ తక్కువగా ఉన్న రోగిలో మొత్తం కాల్షియం అంకె తక్కువగా కనిపించడానికి, కొన్ని మందులు మామూలు మోతాదులోనే తీవ్రంగా పనిచేయడానికి ఇదే కారణం.

ఆల్బుమిన్ అనే పేరుకు మూలం తెలుపు అనే అర్థం గల లాటిన్ పదం. గుడ్డులోని తెల్లసొనకూ అదే మూలం నుండి పేరు వచ్చినది. ఈ పేర్ల పోలిక వలన కాబోలు, తెల్లసొన తింటే అది నేరుగా రక్తంలోని ఆల్బుమిన్‌గా మారుతుందన్న నమ్మకం వ్యాపించినది. గుడ్డు మంచి ఆహారమే గాని, పేగులలో అది అమైనో ఆమ్లాలుగా విడిపోవలసినదే. వాటిని తిరిగి ఆల్బుమిన్‌గా కూర్చే పని కాలేయానిదే. ముడిసరుకు ఎంత ఉన్నా యంత్రాలు ఆగిన మిల్లులో ఉత్పత్తి ఉండదు.

సిరోసిస్‌లో ఆగిపోయేవి ఈ యంత్రాలే. దీర్ఘకాలం మద్యం సేవించడం, హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మధుమేహం, స్థూలకాయంతో వచ్చే కొవ్వు కాలేయం వంటి కారణాల వలన కణాలు పదే పదే దెబ్బతిని, ఆ చోట గట్టి మచ్చకణజాలం ఏర్పడుతుంది. మిగిలిన కణాలు గడ్డలు గడ్డలుగా పెరుగుతాయి. గోధుమ పసుపు రంగుకు తిరిగిన అటువంటి కాలేయాన్ని చూసి, ఆ రంగును తెలిపే గ్రీకు పదం ఆధారంగా 1819లో ఫ్రెంచి వైద్యుడు లాయెన్నెక్ ఈ వ్యాధికి సిరోసిస్ అని పేరు పెట్టారు. స్టెతస్కోపును కనిపెట్టినది కూడా ఆయనే. మచ్చల మధ్య రక్తం సాఫీగా పారక, కొంత భాగం కాలేయ కణాలను తాకకుండానే పక్కదారులలో వెళ్లిపోతుంది. అందువలన కణాలు తగ్గడమే గాక, మిగిలిన కణాలకు అందవలసిన సరుకూ తగ్గుతుంది.

పేరు ఒకటి, కొలిచేది మరొకటి

కాలేయ పనితీరు పరీక్ష అన్న పేరులోనే కొంత పొరపాటు ఉన్నది. అందులోని అంశాలన్నీ పనితీరును కొలవవు. ఎస్.జి.పి.టి., ఎస్.జి.ఓ.టి. అనేవి కణాల లోపల ఉండవలసిన ఎంజైములు. కణం దెబ్బతిన్నప్పుడు ఇవి రక్తంలోకి కారుతాయి. అంటే ఇవి తెలిపేది ప్రస్తుతం జరుగుతున్న నష్టాన్ని గాని, మిగిలివున్న శక్తిని కాదు. హెపటైటిస్ ఎ సోకిన ఆరోగ్యవంతుడైన యువకునిలో ఎస్.జి.పి.టి. వేలలో ఉండవచ్చు, అయినా అత్యధికులు కొద్ది వారాలలో పూర్తిగా కోలుకుంటారు. దీనికి భిన్నంగా, ఏళ్ల తరబడి మచ్చకట్టిన కాలేయంలో కారడానికి కణాలే తక్కువ కనుక అంకె మామూలుగా ఉండవచ్చు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జి.జి.టి. అనేవి ప్రధానంగా పైత్యరసం పారే మార్గాలలో అడ్డంకులను సూచిస్తాయి. బిలిరుబిన్ కొంతవరకు పనితీరును తెలుపుతుంది. కాని ఎర్ర రక్తకణాలు అధికంగా విచ్ఛిన్నమైనా, పైత్యనాళంలో రాయి అడ్డుపడినా అదీ పెరుగుతుంది.

కాలేయం ఏమి తయారు చేయగలుగుతున్నదో తెలిపేవి రెండే రెండు. ఒకటి ఆల్బుమిన్. రెండవది రక్తం గడ్డకట్టే సమయాన్ని కొలిచే ప్రోత్రాంబిన్ పరీక్ష. ఈ రెండవది సాధారణ ఎల్.ఎఫ్.టి. నివేదికలో ఉండనే ఉండదు. వైద్యుడు విడిగా వ్రాయవలసి ఉంటుంది. పనితీరు పేరు పెట్టుకున్న పరీక్షలో పనితీరును తెలిపే ముఖ్య అంశం లేకపోవడం విచిత్రమే.

ఒక ఊహాజనిత నివేదికను ఉదాహరణగా తీసుకొనవచ్చును. వయస్సు 48. బిలిరుబిన్ 1.6 మిల్లీగ్రాములు, ఎస్.జి.ఓ.టి. 58, ఎస్.జి.పి.టి. 34, మొత్తం మాంసకృత్తులు 7.2 గ్రాములు, ఆల్బుమిన్ 2.9 గ్రాములు, ప్లేట్‌లెట్లు 92 వేలు. ఎస్.జి.పి.టి. హద్దులోనే ఉన్నది. మొత్తం మాంసకృత్తులూ హద్దులోనే ఉన్నవి. హడావుడిగా చూసేవారు దీనిని దాదాపు మామూలు నివేదికగా పక్కన పెట్టే ప్రమాదం ఉన్నది. కాని మొత్తంలో నుండి ఆల్బుమిన్‌ను తీసివేస్తే మిగిలే గ్లోబులిన్ 4.3 గ్రాములు. సాధారణంగా ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 నుండి 5 గ్రాముల వరకు ఉండి, గ్లోబులిన్ కంటె ఎక్కువగా ఉండాలి. ఇక్కడ వరుస తలక్రిందులైనది. పేగుల నుండి వచ్చే సూక్ష్మజీవుల అవశేషాలను వడపోయవలసిన కాలేయాన్ని తప్పించుకొని రక్తం పక్కదారి పట్టినందున, నిరోధక వ్యవస్థ వాటిపై అధికంగా ప్రతిదేహాలను తయారు చేస్తుంది. ఈ ప్రతిదేహాలు గ్లోబులిన్ లెక్కలో చేరి, ఆల్బుమిన్ లోటును మొత్తం అంకెలో కప్పివేస్తాయి.

అదే నివేదికలో ప్లేట్‌లెట్ల సంఖ్య మరొక సాక్షి. సిరోసిస్‌లో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో బంధిస్తుంది. ప్లేట్‌లెట్ల ఉత్పత్తిని ప్రేరేపించే త్రాంబోపోయెటిన్ అనే పదార్థం కూడా ప్రధానంగా కాలేయంలోనే తయారవుతుంది కనుక దాని కొరత తోడవుతుంది. వయస్సును ఎస్.జి.ఓ.టి.తో హెచ్చించి, ఆ వచ్చినదానిని వేలలో తెలిపిన ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్.జి.పి.టి. వర్గమూలం ఈ రెండింటి లబ్ధంతో భాగిస్తే ఫిబ్-4 అనే సూచిక వస్తుంది. 2006లో వెలువడిన ఈ లెక్కకు అదనపు ఖర్చు ఏమీ లేదు. ఫలితం 1.3 లోపు ఉంటే ముదిరిన మచ్చకణజాలం ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే నిపుణునికి చూపవలసినది. పై ఉదాహరణలో అది 5.2 వస్తున్నది. వృద్ధులలోను, డెంగీ వంటి జ్వరంతో ప్లేట్‌లెట్లు పడిపోయిన వారిలోను ఈ లెక్క తప్పుదోవ పట్టిస్తుంది కాబట్టి వర్షాకాలపు శిబిరాలలో ఈ జాగ్రత్త అవసరం.

ఇరవై రోజులు, ఆరు గంటలు

ఆల్బుమిన్‌కు ఒక పరిమితి ఉన్నది. రక్తంలో దాని అర్ధాయువు సుమారు 20 రోజులు. ఈరోజు కాలేయం తయారీని పూర్తిగా నిలిపివేసినా, పాత నిల్వ వారాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. అందువలన హఠాత్తుగా వచ్చే తీవ్ర కాలేయ వైఫల్యంలో మొదటి రోజులలో ఆల్బుమిన్ మామూలుగా కనిపించవచ్చు. అక్కడ నమ్మదగినది ప్రోత్రాంబిన్ సమయం. గడ్డకట్టే కారకాలలో అధికభాగం కాలేయంలోనే తయారవుతాయి. వీటిలో ఏడవ కారకం అర్ధాయువు సుమారు ఆరు గంటలు మాత్రమే. ఉత్పత్తి ఆగితే ఒకటి రెండు రోజులలోనే రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ఒక్కమాటలో, ఆల్బుమిన్ నెలల చరిత్రను చెప్పే పద్దుపుస్తకమైతే, ప్రోత్రాంబిన్ సమయం ఈనాటి చిట్టా.

ప్రోత్రాంబిన్ సమయం పెరిగినంత మాత్రాన కణాలే చెడినవని చెప్పరాదు. రెండు, ఏడు, తొమ్మిది, పది కారకాల తయారీకి కె విటమిన్ కావాలి. పైత్యరసం పేగులలోకి చేరకపోతే కొవ్వులో కరిగే ఈ విటమిన్ ఒంటికి పట్టదు. అందుకే వైద్యులు కె విటమిన్ సూది మందు ఇచ్చి, మరునాడు తిరిగి పరీక్షిస్తారు. సమయం సరిపడితే లోపం సరుకు రవాణాలో ఉన్నట్లు. సరిపడకపోతే మిల్లులోనే ఉన్నట్లు. ఎంతో పాతదైన ఈ చిన్న పద్ధతి జిల్లా ఆసుపత్రి స్థాయిలో నేటికీ ఉపయోగకరమే.

ప్రోత్రాంబిన్ సమయాన్ని ఐ.ఎన్.ఆర్. అనే ప్రమాణంలో తెలుపుతున్నారు. రక్తం పలుచబడడానికి వార్ఫరిన్ వాడే రోగుల కోసం రూపొందిన ప్రమాణమిది. సిరోసిస్ రోగిలో ఐ.ఎన్.ఆర్. 2 ఉన్నదంటే అతని రక్తం వార్ఫరిన్ వాడే రోగి రక్తం వలె పలుచబడినదని అర్థం కాదు. కాలేయం గడ్డకట్టించే కారకాలతో పాటు గడ్డకట్టడాన్ని అడ్డుకొనే ప్రోటీన్ సి, ప్రోటీన్ ఎస్, యాంటీత్రాంబిన్‌లను కూడా తయారు చేస్తుంది. సిరోసిస్‌లో రెండు వైపులా తగ్గుదల ఉండి, తక్కెడ తక్కువ స్థాయిలో తిరిగి సమతూకానికి వస్తుంది. ఈ సమతూకం సులభంగా ఏ వైపుకైనా ఒరగగలదు. అందువలన సిరోసిస్ రోగులకు రక్తస్రావమే కాదు, కాలేయ సిరలో గడ్డలు కూడా ఏర్పడతాయి. రక్తస్రావం లేని రోగికి కేవలం ఐ.ఎన్.ఆర్. అంకెను సరిచేయడానికి ప్లాస్మా సీసాలు ఎక్కించడం మేలు చేయదని, సిరలలో ఒత్తిడిని మరింత పెంచవచ్చునని ప్రస్తుత వైద్య మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. రక్తనిధుల నిర్వహణ చూసే అధికారులు గమనించవలసిన అంశమిది.

ఆల్బుమిన్ తగ్గుదలకు కాలేయమే కారణమని తొందరపడడమూ సరికాదు. మూత్రంలో మాంసకృత్తులు పోయే మూత్రపిండ వ్యాధి, పేగుల ద్వారా నష్టం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, పెద్ద శస్త్రచికిత్స తరువాతి దశ, ఇవన్నీ ఆల్బుమిన్‌ను తగ్గిస్తాయి. సిరోసిస్‌లో సైతం అంకెలో కొంత భాగం నీటి మాయ. శరీరంలో నీరు నిలిచినందున ఉన్న ఆల్బుమిన్ పలుచబడుతుంది. కొన్ని ప్రయోగశాలలు వాడే రంగు పద్ధతి తక్కువ స్థాయిలలో ఆల్బుమిన్‌ను ఉన్నదానికంటె ఎక్కువగా చూపుతుంది. కావున ఒక రోగి పురోగతిని ఒకే ప్రయోగశాలలో వరుసగా చేయించిన పరీక్షలతోనే పోల్చడం మంచిది.

అంకెల నుండి నిర్ణయాల వరకు

1964లో అమెరికన్ శస్త్రవైద్యులు చైల్డ్, టర్కాట్ సిరోసిస్ తీవ్రతను వర్గీకరించగా, 1973లో పగ్, ఆయన సహచరులు దానిని సవరించారు. బిలిరుబిన్, ఆల్బుమిన్, ప్రోత్రాంబిన్ సమయం, జలోదరం, మెదడుపై ప్రభావం అనే ఐదు అంశాలకు ఒక్కొక్కదానికి 1 నుండి 3 పాయింట్లు. మొత్తం 5, 6 అయితే ఎ తరగతి. 7 నుండి 9 వరకు బి. 10 నుండి 15 వరకు సి. పై ఉదాహరణలోని వ్యక్తికి ఐ.ఎన్.ఆర్. 1.5 ఉండి, ఇతర లక్షణాలు లేవనుకుంటే 6 పాయింట్లతో ఎ తరగతిలో ఉంటారు. స్వల్పంగా జలోదరం కనిపించిన రోజున 7 పాయింట్లతో బి తరగతికి మారుతారు. వ్యాధి గతిలో ఆ మలుపు చాలా పెద్దది.

కాలేయ మార్పిడి కోసం ఎదురుచూసేవారి వరుసక్రమం నిర్ణయించడానికి అమెరికాలో 2002 నుండి మెల్డ్ అనే గణన వాడుకలోకి వచ్చినది. బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్., మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ దీనికి ఆధారం. జలోదరం ఎంత ఉన్నదన్న వైద్యుని అంచనాకు ఇందులో తావు లేదు. 2016లో సోడియంను చేర్చారు. 2023లో అమలుకు వచ్చిన మూడవ రూపంలో స్త్రీలకు జరుగుతున్న అన్యాయాన్ని సరిదిద్దే అంశంతో పాటు ఆల్బుమిన్ కూడా చేరినది. కండరాలు తక్కువగా ఉండే స్త్రీలలో క్రియాటినిన్ తక్కువగా కనిపించి, వ్యాధి తీవ్రత తక్కువగా లెక్కకు వచ్చేది. ఇరవై ఏళ్లు పక్కన ఉంచిన ఆల్బుమిన్‌ను తిరిగి పిలవవలసి రావడం గమనించదగినది.

సీసా ఎప్పుడు, పప్పు ఎప్పుడు

ఆల్బుమిన్ తగ్గితే ఆల్బుమిన్ సీసా ఎక్కిస్తే సరిపోదా అన్న ప్రశ్న సహజమైనది. దానం చేసిన రక్తం నుండి తీసే ఈ మందు ఖరీదైనది. అప్పు చేసి సీసా తెచ్చే కుటుంబాలు ఉన్నవి. కాబట్టి ఎక్కడ మేలు రుజువైనదో తెలియాలి. పొట్ట నుండి ఒకేసారి ఐదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, జలోదరంలో ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు, సిరోసిస్ వలన మూత్రపిండాలు దెబ్బతినే స్థితిలోను ఇది అవసరమైన చికిత్స. అంకెను పెంచడమే లక్ష్యంగా ఇవ్వడం వేరు. బ్రిటన్‌లో 777 మంది ఆసుపత్రి రోగులపై జరిగి, 2021లో వెలువడిన అటైర్ అధ్యయనంలో ఆల్బుమిన్‌ను 3 గ్రాములకు పెంచి ఉంచడం వలన ప్రయోజనం కనిపించలేదు. ఊపిరితిత్తులలో నీరు చేరడం వంటి దుష్ఫలితాలు మాత్రం ఆ వర్గంలో ఎక్కువగా కనిపించినవి. 2018లో వెలువడిన ఇటలీ అధ్యయనంలో జలోదరం గల రోగులకు ప్రతి వారం, నెలల తరబడి ఇచ్చినప్పుడు జీవితకాలం మెరుగైనది. రెండు అధ్యయనాల రోగులు, మోతాదు, కాలవ్యవధి వేరు. ఒకదానిని చూపి మరొకదానిని కొట్టివేయడం తగదు.

ఇక తెలుగునాట కామెర్లనగానే పత్యం మొదలవుతుంది. నూనె, పప్పు, గుడ్డు, మాంసం మాన్పించి చారన్నం, మజ్జిగన్నంతో వారాలు గడిపిస్తారు. కొన్నిచోట్ల పసరు మందులు తోడవుతాయి; వాటిలో కొన్ని కాలేయానికి స్వయంగా హాని చేయగలవు. మెదడుపై ప్రభావం పడుతుందన్న భయంతో ఒకప్పుడు వైద్యులే సిరోసిస్ రోగులకు మాంసకృత్తులను తగ్గించేవారు. ఇప్పుడు ఆ పద్ధతి లేదు. శరీర బరువులో కిలోకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరమని మార్గదర్శకాలు చెబుతున్నాయి. 60 కిలోల మనిషికి ఇది 72 నుండి 90 గ్రాములు. పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, చేప తినే అలవాటు ఉన్నవారికి వాటిని మాన్పించనవసరం లేదు. సిరోసిస్ రోగికి ఒక్క రాత్రి ఉపవాసమే ఆరోగ్యవంతుని రెండు మూడు రోజుల ఉపవాసంతో సమానం. కాలేయంలో చక్కెర నిల్వ లేనందున శరీరం కండరాలను కరిగించుకుంటుంది. పడుకునే ముందు కొద్దిపాటి ఆహారం తీసుకోమనడానికి ఇదే కారణం. జలోదరం ఉన్నవారు మానవలసినది పప్పు కాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేపలలోని ఉప్పు. వైద్యుని సలహా లేకుండా నొప్పుల మాత్రలు వాడరాదు. అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

ఆల్బుమిన్ పడిపోవడం ఎల్లప్పుడూ ఒకవైపు ప్రయాణం కాదు. మద్యం పూర్తిగా మానినవారిలో, హెపటైటిస్ బి వైరస్‌ను మందులతో అదుపు చేసినవారిలో, హెపటైటిస్ సి నయమైనవారిలో కొందరికి నెలలలో ఆల్బుమిన్ పెరిగి, జలోదరం తగ్గిన దాఖలాలు కలవు. 2021లో ఇటలీలోని బవేనో పేరిట జరిగిన ఏడవ నిపుణుల సదస్సు ఈ స్థితికి నిర్వచనం కూడా ఇచ్చినది. కారణం తొలగి, ఆల్బుమిన్, ఐ.ఎన్.ఆర్., బిలిరుబిన్ నిలకడగా మెరుగుపడడం అందులో భాగం.

దేశంలో 2018 జూలై 28న జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ప్రారంభమైనది. దీని కింద ఎంపిక చేసిన ప్రభుత్వ ఆసుపత్రులలో హెపటైటిస్ బి, సి నిర్ధారణ పరీక్షలు, మందులు ఉచితంగా అందుతాయి. హెపటైటిస్ సి మందులను ఎక్కువమంది 12 వారాలు వాడితే చాలు. నూటికి 95 మందికి నయమవుతుంది. హెపటైటిస్ బి టీకా మొదటి మోతాదును శిశువు పుట్టిన 24 గంటలలోపు ఇవ్వాలి. హైదరాబాదుకు చెందిన శాంతా బయోటెక్నిక్స్ సంస్థ 1997లో దేశీయంగా ఈ టీకాను తక్కువ ధరకు తెచ్చిన తరువాత ఇది సామాన్యులకు చేరువైనది. సిరోసిస్ నిర్ధారణ అయినవారు, నివేదికలు మామూలుగా ఉన్నప్పటికీ, ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ పరీక్ష చేయించుకోవాలి. దానితో పాటు చేసే ఆల్ఫా ఫీటోప్రోటీన్ పరీక్ష కూడా ఒక కాలేయ మాంసకృత్తికి సంబంధించినదే. గర్భస్థ శిశువు కాలేయం దీనిని అధికంగా తయారు చేస్తుంది. పుట్టిన తరువాత తగ్గిపోతుంది. వయోజనులలో తిరిగి పెరుగుతూ పోతే కాలేయ క్యాన్సర్ ఉన్నదేమో వెంటనే పరిశీలించాలి.